కిరాయి ఇంట్లో అమ్మ గొంతు

మేం ఊరు విడిచి జగిత్యాలకు వచ్చిన కొత్తల్లో అమ్మ ఒకరోజు కూరగాయల అంగడికి వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. ఆమె అంగడికి వెళ్లడం అదే మొదటిసారి. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వంటింటి గడప మీద కూర్చుని, సంచిని చిన్న మడతలుగా మడుస్తూ ఉంది.

"ఏమైందమ్మా, కూరగాయలు దొరకలేదా?" అని అడిగాను.

"అన్నీ ఉన్నయి బిడ్డా. నేను అడిగేదే ఆమెకు ఇనొస్తలేదు. మల్ల మల్ల అడిగిన. నోట్లనే గొణుగుతె నాకేం ఎర్కయితదమ్మా, జర గట్టిగ చెప్పు అన్నది. అందరు నా దిక్కే చూసిండ్రు. వచ్చేసిన."

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అమ్మ మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్కన కూర్చున్నవాళ్లకే సగం వినిపించేది, మిగతా సగం పెదాల కదలికను బట్టి అర్థం చేసుకోవాలి. అలా ఎందుకైందో చెప్పాలంటే ఊళ్లో మా ఇంటి సంగతి చెప్పాలి.

గొల్లపల్లి దిక్కున ఒక పల్లెలో మాది దొరల ఇల్లు. ఊరివాళ్లు గడి అనేవారు. ఎత్తైన గోడలు, లోపల రెండు వాకిళ్లు. అమ్మ పుట్టిల్లు కోరుట్ల. అక్కడ ఆడపిల్లలందరితో కలిసి పాటలు పాడుతూ పెరిగిందట. పద్నాలుగేళ్లకు పెళ్లై గడిలో అడుగుపెట్టిన మూడోనాడే మా నాయనమ్మ చెప్పిందట, ఆడవాళ్ల మాట గోడ దాటకూడదని. దాటాల్సిన అవసరం కూడా లేకపోయింది. తలుపు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉండేవారు. అమ్మ వాళ్లకు మెల్లగా చెబితే, వాళ్లు బయటికి వెళ్లి గట్టిగా పిలిచేవారు. బతుకమ్మ ఆటకు ఊరి ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చి పాడేవారు. అమ్మ అరుగు మీద నిలబడి చూసేది. నాకు ఊహ తెలిశాక అమ్మ పాడగా నేనెన్నడూ వినలేదు.

అవి పల్లెపల్లెలో కూలీ సంఘాలు లేచిన రోజులు. అడవిలో ఉండి వాటిని నడిపే నక్సలైట్లను జనం అన్నలు అనేవారు. మా ఊళ్లోనూ సంఘం పెట్టారు. దొర పనికి కూలి లేకుండా రామన్నారు, దొర కిందున్న బంచరు భూమిని, అంటే సర్కారు భూమిని, విడిచిపెట్టాలన్నారు. చుట్టుపక్కల దొరలు ఒక్కొక్కరే సామాను సర్దుకుని పట్నాలు చేరుతున్నారు. ఒక తెల్లవారుజామున మా నాన్న, నేను బాపు అనేదాన్ని, గడికి తాళం వేశాడు. జగిత్యాలలో ఒక ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఆ ఇంటికి మధ్యలో ఒక చేదబావి, వెనక ఒక బొప్పాయి చెట్టు, రెండు వాటాలకూ ఒకటే వరండా. పెద్ద పెద్ద వాకిళ్లలో తిరిగిన బాపు ఆ వరండాలో ఒక కుర్చీ వేసుకుని, గల్లీలో ఎవరు వచ్చినా ఉలిక్కిపడుతూ కూర్చునేవాడు.

పక్క వాటాలో ఒక టీచరమ్మ ఉండేది. సిరిసిల్లలో నేతవాళ్ల ఇంటి ఆడపిల్ల. భర్త మిలిటరీలో ఉన్నాడు, ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. ఆమె ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేది, పాటలు కూడా నేర్పేది. సాయంత్రాలు ఆమె గదిలోంచి హార్మోనియం వినిపించేది. మా కాలేజీలో ఏదో ఉత్సవానికి నన్ను పాడమన్నారు. నాకు ఊపిరి చాలేది కాదు. రెండో చరణానికే గొంతు గరగరలాడేది. నేర్పమని ఆమెను అడిగాను. సరేనంది.

మొదటి రోజు నా పాట సాంతం విని, "నీది పాడుడు కాదు బిడ్డా, ఒర్రుడు," అంది నవ్వుతూ. "గొంతును కష్టపెడుతున్నవు. పాడేది గొంతు కాదు, ఊపిరి. ముందు గది నేర్సుకో."

నేను ఆమె గదిలో కూర్చుని నేర్చుకుంటుంటే, రెండు వాటాల మధ్య తలుపు వెనక అమ్మ నిలబడేదని నాకు తెలియదు. టీచరమ్మ ఎలా కనిపెట్టిందో గానీ, ఒక సాయంత్రం హార్మోనియం మీద నుంచి చెయ్యి తీసి, "తలుపెనుక ఉన్న అక్కను గూడ పిలువు బిడ్డా, పాపం కాళ్లు నొస్తయి," అంది.

అమ్మ లోపలికి వచ్చింది. ముఖం కందిపోయింది. ఊళ్లో అందరూ ఆమెను దొరసానమ్మ అనేవారు. చుట్టాలు కానివాళ్లు ఎవరైనా అక్కా అని పిలవడం అమ్మ విన్నది అప్పుడేనేమో. చాప చివర కూర్చుంది.

"నువ్వు పాడుతవా అక్కా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "చిన్నప్పుడు కోరుట్లల పాడిన. ఇప్పుడు నాకు గొంతే లేదు. అంగట్ల గూడ ఎవలకు ఇనొస్తలేదు," అంది. ఆ మాట కూడా సగమే వినిపించింది.

టీచరమ్మ తన సంగతి చెప్పింది. సిరిసిల్లలో వాళ్లింట్లో పగలూ రాత్రీ మగ్గాల చప్పుడేనట. పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. పదహారేళ్లకే ఆమె గొంతు బొంగురుపోయింది. టీచరు ట్రైనింగుకు పోయినప్పుడు అక్కడి సంగీతం పంతులమ్మ చాలా రోజులు పాట ఊసే ఎత్తనివ్వలేదట, ఊపిరి మాత్రమే పట్టించిందట.

"నాది ఒర్రి ఒర్రి పోయింది. నీది మూసి మూసి పోయింది. రెండింటికి మందు ఒక్కటే అక్కా," అంది. "రేపటి సంది పొద్దుగాల్ల రా."

మరునాడు పొద్దున్నే అమ్మ స్నానం చేసి, నుదుటన బొట్టు పెట్టుకుని, పూజకు పోతున్నట్టు వెళ్లింది. టీచరమ్మ ఆమెను పాడమనలేదు. చాప మీద వెల్లకిలా పడుకోమంది. మా ఇంట్లోంచి ఇత్తడి సోల తెప్పించింది. ఊరి నుంచి తెచ్చుకున్న కొద్ది సామానులో అదొకటి, బియ్యం కొలిచేది. దాన్ని అమ్మ కడుపు మీద నిలబెట్టింది.

"ఊపిరి గుంజినప్పుడు సోల లేవాలె. ఇడిచినప్పుడు దిగాలె. బుజాలు, రొమ్ము కదలొద్దు."

అమ్మ ఊపిరి తీసుకుంటే రొమ్ము పైకి లేచింది కానీ సోల కదల్లేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. చిన్నపిల్లలు నిద్రపోయేటప్పుడు పొట్ట ఎలా ఎగసిపడుతుందో గుర్తు చేసుకోమంది టీచరమ్మ. నన్ను పెంచింది కదా, అమ్మకు ఆ మాట పట్టింది. కళ్లు మూసుకుంది. కొంతసేపటికి సోల సన్నగా పైకి లేచింది, మళ్లీ దిగింది. అమ్మ ఒక కన్ను తెరిచి దాన్నే చూస్తూ నవ్వింది. నవ్వేసరికి సోల దొర్లి కింద పడింది.

తర్వాత ఊపిరి విడవడం. పళ్ల మధ్య నుంచి స్స్... అని సన్నగా, ఎక్కడా తెగకుండా, ఎక్కడా ఎక్కువ కాకుండా విడవాలి. కుండకు చిల్లి పడితే నీళ్లు ఒక్కటే ధారగా ఎలా పోతాయో అలా అని చెప్పింది. అమ్మకు అది మొదట్లో అయిదారు క్షణాల కన్నా నిలిచేది కాదు. చివరికి వచ్చేసరికి దగ్గు వచ్చేది. దగ్గొచ్చినప్పుడు గొంతు సకిలించొద్దని, గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగమని టీచరమ్మ చెప్పింది. సకిలిస్తే లోపల ఒరుసుకుపోతుందట.

ఇంట్లో కూడా అమ్మ సాధన మొదలుపెట్టింది. ఒకరోజు బాపు లోపలికి వచ్చేసరికి నేల మీద వెల్లకిలా పడుకుని, కడుపు మీద సోల పెట్టుకుని, పాము బుసకొట్టినట్టు చప్పుడు చేస్తూ ఉంది.

"ఏమైందే, కడుపునొస్తుందా?" అన్నాడు బాపు కంగారుగా.

అమ్మ గబుక్కున లేచి కూర్చుంది. నేను సంగతి చెప్పాను. బాపు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తలుపు దగ్గరకు వేసి, మెల్లగా అన్నాడు.

"మనం ఎవలమో ఈ గల్లీల ఎవలకు ఎర్క లేదు. ఎర్క గావద్దనే నేను గీ గదిల పడి ఉన్న. నువ్వు పొద్దుగాల్ల లేసి రాగాలు తీస్తే, ఎవల ఇల్లు, ఏ ఊరు అని నలుగురు అడుగుతరు. పాటలొద్దు, గీటలొద్దు."

అమ్మ ఆ రోజు వెళ్లలేదు, మరునాడూ వెళ్లలేదు. బాపు ఎందుకు వద్దన్నాడో నేను చెబితే, మూడో రోజు టీచరమ్మే వచ్చింది. బాపుకు నమస్కారం పెట్టి, నేల చూపులు చూడకుండా నేరుగా మాట్లాడింది.

"సారూ, చప్పుడు బయటికి పోకుంట నేర్పిస్త. నోరు మూసుకునే పాడిపిస్త. అండ్ల మీకేం రంది ఉండది కద?"

నోరు మూసుకుని పాడటం ఏమిటో బాపుకు అర్థం కాలేదు. అర్థం కాని దానికి ఎలా వద్దనాలో తెలియక ఊరుకున్నాడు.

అలా అమ్మ సాధన పెదాలు మూసుకుని సాగింది. ముందు మ్మ్... అని సన్నగా మూలగాలి. పళ్లు కరిచి పట్టకూడదు, దవడ వదులుగా ఉండాలి. ముక్కు ఎముక మీద వేలు పెట్టి చూసుకుంటే సన్నగా వణుకు తగలాలి. వణుకు గొంతులోనే ఆగిపోతే తప్పు, ముఖంలోకి రావాలి. అమ్మకు అది వారం పది రోజుల్లో వచ్చేసింది. గట్టిగా అనాల్సిన పని లేదు గనుక ఆమెకు భయం లేదు. భయం లేదు గనుక గొంతు బిగుసుకోలేదు. తర్వాత చాలా ఏళ్లకు నాకు తెలిసింది, గొంతు పాడైనవాళ్లకు ఎక్కడైనా మొదట నేర్పేది ఇదేనని. బాపు పెట్టిన అడ్డం అమ్మకు మేలే చేసింది.

రెండోది బొప్పాయి కాడ. పెరట్లోని చెట్టు నుంచి ఒక ఆకు కోసి, కాడను జానెడు పొడవు కత్తిరించి, పాలు కారిపోయేదాకా నీళ్లలో నానబెట్టేది టీచరమ్మ. బొప్పాయి కాడ లోపల బోలుగా ఉంటుంది కదా. గ్లాసులో నీళ్లు పోసి, కాడ ఒక కొసను నీళ్లలో ముంచి, ఇంకో కొసను పెదాల మధ్య పెట్టుకుని ఊ... అని స్వరం పట్టాలి. నీళ్లు బుడబుడమంటాయి. స్వరం నిలకడగా ఉంటే బుడగలు కూడా ఒక్క తీరుగా వస్తాయి. స్వరం వణికితే బుడగలు తెగుతాయి, ఎక్కువ నెడితే నీళ్లు గ్లాసు బయటికి చిమ్ముతాయి. మొదట్లో అమ్మ చీర కొంగంతా తడిసేది. నేను కూడా పక్కన కూర్చుని చేసేదాన్ని. ఇద్దరం రెండు గ్లాసులు ముందు పెట్టుకుని బుడబుడమంటుంటే, వరండాలో కూర్చున్న బాపు ఒకసారి తొంగి చూసి వెళ్లిపోయాడు.

కాడతోనే స, ప, పై స పట్టించేది. దిగువ నుంచి ఎగువకు మెట్లెక్కినట్టు కాకుండా, ఊయలలా జారుతూ పోయి జారుతూ రమ్మనేది. హార్మోనియం మీద ఒక్కో మీటను కట్ట అంటారు. టీచరమ్మ పాడేది అయిదో కట్టలో. అమ్మను కూడా మొదట అక్కడే పట్టించింది. పైకి పోయేసరికి అమ్మ మెడ నరాలు తేలేవి, గడ్డం పైకి లేచేది.

"ఆగక్కా. నీ శ్రుతి గిది కాదు," అని కిందికి దిగుతూ వచ్చింది. మూడో కట్ట దగ్గర ఆగింది. అక్కడ అమ్మ ముఖంలో బిగువు పోయింది. "గిదీ నీ ఇల్లు. నా ఇంట్ల నువ్వెందుకు ఉంటవు?" అంది.

రెండు నెలలు గడిచేసరికి అమ్మ మాటలో ఏదో మారింది. నాకు మొదట తెలియలేదు. ఒకరోజు బావి దగ్గరి నుంచి ఆమె నన్ను పిలిస్తే లోపల గదిలో ఉన్న నాకు వినిపించింది. ఆమె అరవలేదు. అయినా మాట నా దాకా వచ్చింది. అంగడికి వెళ్లి రావడం కూడా మొదలుపెట్టింది.

కోతల కాలం వచ్చింది. ఒక సాయంత్రం మా ఊరి నుంచి ఒక ముసలాయన వచ్చి బాపుతో వరండాలో మాట్లాడి వెళ్లాడు. సంఘం వాళ్లు బాపును ఊరికి రమ్మన్నారట. ఎల్లుండి బడి దగ్గర ఊరంతా కూర్చుంటుందట, మాట్లాడుకుందామన్నారట. ఆ రెండు రోజులూ బాపు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పొద్దున తెల్ల ధోతి కట్టుకుని, చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"పోవద్దు," అంది.

బాపు తలెత్తి చూశాడు. ఆ మాట గుసగుస కాదు. గల్లీ చివరిదాకా వినిపించి ఉంటుంది. పెళ్లయిన ఇరవయ్యేళ్లలో అమ్మ ఆ గొంతుతో ఆయనతో మాట్లాడలేదు.

"పోకపోతె వాళ్లే గీడికి వస్తరు," అన్నాడు బాపు. "నేను పోతేనే మంచిది. పగటి బస్సుకు వస్త."

మధ్యాహ్నమైంది, ఆ బస్సుకు రాలేదు. దాని తర్వాతి బస్సుకూ రాలేదు. నేను బస్టాండుకు వెళ్లి నిలబడి, బస్సు దిగిన ప్రతి ధోతీ మనిషినీ చూసి తిరిగొచ్చాను. అమ్మ పొయ్యి వెలిగించలేదు. పొద్దు వాలుతుండగా ఆమెకు ఊపిరి ఆడటం కష్టమైంది. భుజాలు ఎగసిపడుతున్నాయి, మాట రావడం లేదు, చేతులు చల్లబడ్డాయి. పక్క వాటాకు పరుగెత్తాను.

టీచరమ్మ బడి నుంచి అప్పుడే వచ్చింది. సంచి పక్కన పడేసి అమ్మను నేల మీద పడుకోబెట్టింది. అమ్మ కడుపు మీద తన అరచెయ్యి పెట్టింది.

"అక్కా, నా చెయ్యిని లేపు. గంతే. ఇంకేం సోచాయించకు. నా చెయ్యిని లేపు."

అమ్మ తల అటూ ఇటూ తిప్పింది. "ఆయన..." అంది.

"వస్తడు. నువ్వు ఊపిరి తీస్కో. ఇప్పుడు ఇడువు. స్స్ అని ఇడువు. సన్నగ."

ఎంతసేపో తెలియదు. నేను అమ్మ పాదాలు పట్టుకుని కూర్చున్నాను. మొదట ముక్కలు ముక్కలుగా వచ్చిన ఆ స్స్ చప్పుడు మెల్లగా ఒక్క ధారగా సాగింది. టీచరమ్మ చెయ్యి లేస్తోంది, దిగుతోంది. అమ్మ చేతుల్లోకి వెచ్చదనం వచ్చింది. లేచి కూర్చుని నీళ్లు అడిగింది.

దీపాలు పెట్టే వేళకు గేటు చప్పుడైంది. బాపు వచ్చాడు. చెప్పులు, ధోతి అంచు అంతా మట్టి. కానీ ఒంటి మీద దెబ్బ లేదు, చొక్కా చిరగలేదు. బావి గట్టు మీద కూర్చుని కాళ్లు కడుక్కున్నాడు. అమ్మ చెంబుతో నీళ్లిస్తే తాగాడు. ఆ తర్వాత చెప్పాడు.

"బడి అరుగు కింద ఊరంత కూసున్నరు. నన్ను గూడ కింద్నే కూసోమన్నరు. కూసున్న. మన పాలేరు కొడుకు లేసి మాట్లాడిండు. నన్ను నువ్వు అన్నడు. ఫస్టుకు చెవులు వేడెక్కినయి. కాని వాడు చెప్పిన దాంట్ల అబద్ధం లేదు. బంచరు భూమి ఇడుస్తవా అన్నరు. ఇడుస్త అన్న. వెట్టి పని అడగవు కద అన్నరు. అడగనన్న. బాయి కింది పొలం నీదే, కౌలుకు ఇచ్చుకో అన్నరు."

"కొట్టిండ్రా?" అని అమ్మ అడిగింది.

"ఎవ్వలు చెయ్యి లేపలే. ఒకామె చల్ల తెచ్చి ఇచ్చింది. బస్సు తప్పింది. సంఘం పోరడే సైకిల్ మీద రోడ్డు దాక దిగవెట్టిండు. ఆడికెల్లి లారీ ఎక్కి వచ్చిన."

బాపు పొడి కండువాతో కాళ్లు తుడుచుకుంటూ, "నేను పొద్దుగాల పోయేటప్పుడు మల్ల వస్తననుకోలే," అన్నాడు. "ఇప్పుడు పానం నిమ్మళమైంది. ఇన్నొద్దులు ఎందుకు బుగులు పడ్డనో గూడ సమజైత లేదు."

ఆ రాత్రి బాపు గురక విని నేను నిద్రపోయాను. జగిత్యాలకు వచ్చిన తర్వాత ఆయన గురక పెట్టడం అదే మొదలు. ఆ భూమి పోయినందుకు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అది ఎవరి చెమటతో పండిందో అప్పటికి నాకు కూడా కొంత తెలిసింది. మా అన్నం ముద్దలో ఏ తేడా రాలేదు. బాపు ఒక ఎరువుల దుకాణంలో వాటా పెట్టుకున్నాడు. పొద్దున్నే వరండాలో కూర్చోవడం మానేశాడు.

రెండు మూడు రోజుల తర్వాత, అమ్మ బొప్పాయి కాడ పట్టుకుని గ్లాసు ముందు కూర్చుంటే, బాపు చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు.

"ఇంక ఆ కాడ ఎందుకే? నోరు తెరిసే పాడు. అడిగితె మాది ఫలాన ఊరని చెప్తం."

కానీ నోరు తెరవడం అమ్మకు అంత సులువు కాలేదు. పెదాలు మూసుకున్నంత సేపు చక్కగా ఉన్న స్వరం, ఆ అనగానే సన్నబడిపోయేది. తన గొంతు గదిలో తిరిగి తన చెవికే వినబడితే ఆమె ఉలిక్కిపడేది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. టీచరమ్మ కొంగు లాగేసి నడుముకు చెక్కేది. ముందు మ్మ్... అని మొదలుపెట్టి, ముఖంలో వణుకు అందాక, ఆ వణుకు పోకుండా పెదాలు తెరవమనేది. మ్మ్... మా... మ్మ్... మా... అలా కొన్ని వారాలు. ఆవులింత వచ్చేటప్పుడు నోటి వెనక భాగం ఎలా తెరుచుకుంటుందో చూడమనేది. ముగ్గురం కూర్చుని లేని ఆవులింతలు తెచ్చుకునేవాళ్లం. చివరికి నిజంగానే ఆవులింతలు వచ్చేవి, ఆ రోజు పాఠం అక్కడితో సరి.

పై పంచమం దగ్గర అమ్మ స్వరం ఫట్టున విరిగేది. విరగ్గానే సిగ్గుతో ఆపేసేది.

"విరిగితె విరగని," అనేది టీచరమ్మ. "అక్కడ నూకకు. సన్నగ చేస్కొని దాటిపో. పొలం గట్టు మీదికెల్లి నడిసినట్టు."

పొద్దున లేవగానే కింది స్థాయిలో, బరువుగా, నెమ్మదిగా స, ని, ద, ప అని పట్టించేది. గొంతు వెచ్చబడకుండా పైకి పోవద్దనేది. నాకు విసుగొచ్చేది. నేను కాలేజీ పాట పాడేసి, చప్పట్లు కొట్టించుకుని, సాధన మానేశాను. అమ్మ మానలేదు. వంట చేస్తూ సరళీ స్వరాలు, బట్టలు ఆరేస్తూ జంట స్వరాలు. పప్పు మాడినా స్వరం వదిలేది కాదు.

మరుసటి ఏడాది ఎండాకాలం టీచరమ్మ చెల్లెలి పెళ్లికి సిరిసిల్ల రమ్మని మా ముగ్గురినీ పిలిచింది. బాపు తటపటాయిస్తాడని అనుకున్నాం. ఆయనే ముందు రోజు చెప్పులు పాలిష్ చేయించుకుని తయారయ్యాడు.

నేతవాళ్ల గల్లీలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గాల చప్పుడే. పెళ్లింటి వెనక షెడ్డులో కూడా మరమగ్గాలు నడుస్తున్నాయి, గుత్తేదారుకు బట్ట అందించాల్సిన గడువు దగ్గరపడిందట. ముందు గదిలో ఆడవాళ్లు పసుపు దంచుతున్నారు. రోలు చుట్టూ కూర్చుని, ఆ చప్పుడును మించిపోయేలా పాడుతున్నారు. అమ్మ కూడా చాప మీద వాళ్ల మధ్యే కూర్చుంది. ఎవరో ఆమె చేతికి రోకలి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు పాడిన తర్వాత టీచరమ్మ తల్లి, పండుటాకులాంటి మనిషి, అమ్మ వైపు తిరిగింది.

"జగిత్యాల బిడ్డా, నువ్వొకటి అందుకో."

అమ్మ రోకలి పక్కన పెట్టింది. నేను టీచరమ్మ వైపు చూశాను, ఆమె పసుపు కొమ్ములు ఏరుతూ అసలు పట్టనట్టు ఉంది. అమ్మ కోరుట్లలో చిన్నప్పుడు నేర్చుకున్న పెళ్లి పాట ఎత్తుకుంది. తన మూడో కట్ట శ్రుతిలోనే ఎత్తుకుంది. ఆమె గట్టిగా పాడలేదు. అక్కడున్నవాళ్లే తమ మాటలు తగ్గించారు. మూడో చరణంలో స్వరం వణికి ఆగిపోయింది. అమ్మ తలొంచి, ఊపిరి తీసుకుని, అదే మాట దగ్గర మళ్లీ పట్టుకుంది. ఈసారి చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా అందుకున్నారు. చివరి చరణానికి వచ్చేసరికి పాట ఎవరిదో, ఎవరు మొదలుపెట్టారో తెలియనట్టు అందరి గొంతుల్లో కలిసిపోయింది. ముసలామె పసుపు చేత్తోనే అమ్మ చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

బాపు బయట మగవాళ్లతో కూర్చున్నవాడు ఎప్పుడు లేచి వచ్చాడో తెలియదు. గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను వాళ్ల వెనక సీట్లో ఉన్నాను. చాలా దూరం వచ్చాక బాపు అన్నాడు.

"పెండ్లి చూపులకు కోరుట్లకు వచ్చిన దినం, లోపలి అర్రల నువ్వు పాడుతుంటె ఇన్న. మల్ల ఇయ్యాల్నే ఇనుడు."

"నడుమ ఎన్నడన్న అడిగితె పాడకపోదునా?" అంది అమ్మ.

"అడగాల్నని సోయి లేకపాయె."

అమ్మ చెంప మీది పసుపును తుడుచుకోకుండా కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. చేతిని మాత్రం బాపు చెయ్యి పక్కన పెట్టింది.

ఆ తర్వాతి ఏడాది టీచరమ్మకు కోరుట్లకు బదిలీ అయింది. పోయేటప్పుడు హార్మోనియం అమ్మ దగ్గరే విడిచిపెడతానంది, అమ్మ ఒప్పుకోలేదు. నాకు మొదటి జీతం వచ్చాక ఒక శ్రుతిపెట్టె కొనిచ్చాను. పుట్టింటికి పోయినప్పుడల్లా అమ్మ రెండు రోజులు టీచరమ్మ ఇంట్లో ఉండి వచ్చేది. గల్లీలో ఆడపిల్లలు కొందరు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి పాటలు నేర్చుకునేవారు. అమ్మ వాళ్లను కూడా మొదట నేల మీద పడుకోబెట్టేది. ఏం పాటలమ్మా, పడుకోవడమే నేర్పిస్తున్నావని వాళ్ల తల్లులు నవ్వేవారు.

ఇంకా చాలా ఏళ్లకు పల్లెలన్నీ సద్దుమణిగాయి. పట్నాలకు వచ్చిన దొరలు కొందరు తిరిగి వెళ్లి ఇళ్లు బాగు చేయించుకుంటున్నారని వినవచ్చింది. ఒక మధ్యాహ్నం నేను కూడా ఇంట్లోనే ఉన్నాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. బాపు పేపరు మడిచి, "గడి గోడలు కూలుతున్నయట. బాగ చేపించి ఊరికి పోదామా?" అని అడిగాడు.

అమ్మ చేతిలోని కాయను తుంచి గిన్నెలో వేసింది.

"నాకు ఈడనే నిమ్మళంగున్నది. మీకు పోవాల్నని ఉంటె చెప్పుండ్రి."

బాపు పేపరు పక్కన పెట్టాడు. "నాకు గూడ గట్లనే ఉన్నది. నువ్వేమన్న పోదామంటవేమో అని అడిగిన," అన్నాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. బాపు కుర్చీ దగ్గరికి జరుపుకుని, పళ్లెంలోంచి గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని తానూ తుంచడం మొదలుపెట్టాడు.